డెర్వెంట్ లోయ: మిల్లులు తప్పక చూడండి, బస మాత్రం మాట్లాక్ బాత్‌లో వద్దు

రాత్రికి 142 పౌండ్లు పుచ్చుకుని, మోకాళ్ల నొప్పులున్న మా అత్తయ్యగారిని మూడో అంతస్తు ఎక్కించిన గెస్ట్ హౌస్ మీద కోపం నాకింకా తగ్గలేదు. ఆ కోపంతోనే ఇది రాయడం మొదలుపెట్టాను. కానీ ఆ మర్నాడే క్రామ్‌ఫర్డ్ మిల్లులో ఒక పెద్దావిడ ఆ అత్తయ్యగారికే ఎంత మర్యాద చేసిందో చెప్పకపోతే ఆ లోయకి అన్యాయం చేసినట్టవుతుంది, కాబట్టి రెండూ చెప్తాను.

ఇంగ్లాండ్‌లో ఉంటున్న మనవాళ్లలో చాలామంది పీక్ డిస్ట్రిక్ట్‌కి వెళ్తూ దారిలో మాట్లాక్ బాత్‌లో ఆగుతారు, చిప్స్ తింటారు, కేబుల్ కార్ ఎక్కుతారు, ఫొటోలు తీసుకుని వచ్చేస్తారు. దానికి పక్కనే, నడిచి వెళ్లేంత దూరంలో, ప్రపంచంలో నూలు మిల్లుల యుగం మొదలైన చోటు ఉందని చాలామందికి తెలియదు. డార్బీ నుంచి మాట్లాక్ బాత్ దాకా డెర్వెంట్ నది వెంట సుమారు 24 కిలోమీటర్ల మేర పాత మిల్లులు, వాటి కోసం కట్టిన కార్మికుల ఇళ్లు, కాలువలు, ఆనకట్టలు ఉన్నాయి. 2001లో యునెస్కో ఈ లోయ మొత్తాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. డార్బీ నుంచి మాట్లాక్ వెళ్లే చిన్న రైలు డఫీల్డ్, బెల్పర్, ఆంబర్‌గేట్, వాట్‌స్టాండ్‌వెల్, క్రామ్‌ఫర్డ్, మాట్లాక్ బాత్ మీదుగా నది పక్కనే పోతుంది. కారు అవసరమే లేదు. మేం లెస్టర్ నుంచి రైల్లోనే వెళ్లాం: నేను, మా ఆవిడ, తొమ్మిదేళ్ల మా పాప, పొందూరు నుంచి వేసవికి మా దగ్గరికి వచ్చిన అత్తయ్యగారు.

డార్బీలో అంతా సాఫీగా జరిగిపోయింది. అక్కడి మ్యూజియం ఆఫ్ మేకింగ్‌కి టికెట్టు లేదు. 1721లో లోంబే సోదరులు పట్టు దారం పురి పెట్టడానికి కట్టిన సిల్క్ మిల్లు ఉన్న చోటే 2021లో దీన్ని తెరిచారు. లోపలికి అడుగుపెట్టగానే తల మీద ఒక రోల్స్ రాయిస్ విమానం ఇంజన్ వేలాడుతూ ఉంటుంది, పాప దాని కింద నుంచి కదలనంది. సాయంత్రం ఒక దక్షిణాది హోటల్లో దోసె 8.50 పౌండ్లు, సాంబారు బాగానే ఉంది. అత్తయ్యగారు రెండోసారి వడ్డించమని అడిగి మరీ తిన్నారు. ఆ సాయంత్రం అందరూ నవ్వుతూ రైలెక్కాం. ఆ తర్వాతే వచ్చింది అసలు తంటా.

మాట్లాక్ బాత్ స్టేషన్ చూస్తే ముచ్చటేస్తుంది, స్విట్జర్లాండ్ చెక్క ఇళ్ల తరహాలో కట్టారు. అక్కడి నుంచి మా గెస్ట్ హౌస్ దగ్గరే. బుక్ చేసేటప్పుడే రాశాను: మాతో పెద్దావిడ ఉన్నారు, మోకాళ్లు నొప్పి, గ్రౌండ్ ఫ్లోర్ గదే కావాలి, ఆవిడ మాంసం ముట్టరు అని. "తప్పకుండా" అని జవాబు కూడా వచ్చింది, ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది. తీరా వెళ్తే యజమాని తాళం చేతిలో పెట్టి పైకి చూపించాడు. ఇరుకు మెట్లు, రెండు మలుపులు, పట్టుకోవడానికి ఒక పక్కే కమ్మీ. గ్రౌండ్ ఫ్లోర్ గది గురించి అడిగితే అది ఇంకొకరికి ఇచ్చేశామన్నాడు. నా దగ్గరున్న మెసేజ్ చూపిస్తే, అడిగింది రాసుకుంటాం గానీ ఇస్తామని హామీ కాదుగా అన్నాడు. పాప పరుపుకి ఇంకో 25 పౌండ్లు అక్కడే, అప్పుడే, కార్డు మీద తీసుకున్నాడు. ఆ 25 సంగతి బుకింగ్‌లో ఎక్కడా లేదు.

అత్తయ్యగారు ఏమీ అనలేదు. ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ ఆనించుకుంటూ, మా ఆవిడ భుజం పట్టుకుని ఎక్కారు. మధ్యలో మలుపు దగ్గర ఆగి, "ఇంకెన్నున్నాయి బాబూ?" అన్నారు. అప్పుడు నాకొచ్చిన కోపం ఇంతా అంతా కాదు. గదిలోకి వెళ్లాక కిటికీ తెర తీస్తే నది లేదు. ఫొటోలో నది కనిపించే గది చూపించి డబ్బు తీసుకున్నారు, మాకిచ్చిన గది కిటికీకి ఎదురుగా రాతిగోడ, దాని కింద వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాన్. వేపుడు నూనె వాసన రాత్రి పదిన్నర దాకా లోపలికి కొడుతూనే ఉంది. కిటికీ మూస్తే ఉక్క, తెరిస్తే వాసన. దానికి తోడు మోటార్‌సైకిళ్లు. ఈ ఊరికి సెలవు రోజుల్లో వందల కొద్దీ బైకర్లు వస్తారు, రోడ్డు పొడవునా బండ్లు నిలబెడతారు. ఎవరి సరదా వాళ్లది, వాళ్లనేమీ అనను. కానీ మే నెల బ్యాంక్ హాలిడే వారాంతంలో ఇక్కడ ప్రశాంతంగా పడుకోవచ్చని ఎవరైనా చెప్తే మాత్రం నమ్మకండి.

పొద్దున్న టిఫిన్ సంగతి ఇంకా దారుణం. మనిషికి 12 పౌండ్లు, అదీ విడిగా. వెజిటేరియన్ అని ముందే చెప్పినా పుట్టగొడుగులూ టమాటాలూ బేకన్ వేయించిన పెనం మీదే వేసి తెచ్చారు, వాటికి మాంసం ముక్క ఒకటి అంటుకుని వచ్చింది. మా ఆవిడ చూపించి అడిగితే వడ్డించే అమ్మాయి పాపం సారీ చెప్పింది, యజమాని మాత్రం "పక్కకి తీసేస్తే సరిపోతుంది కదా" అన్నాడు. అత్తయ్యగారు కాఫీ ఒక్కటే తాగి లేచారు. ఆవిడ తినకపోయినా 12 పౌండ్లు బిల్లులో ఉన్నాయి. మా ఆవిడ అక్కడే బ్యాగులు సర్దేసింది. రెండో రాత్రి బుకింగ్ వదిలేసి బెల్పర్‌లో వేరే చోటు చూసుకున్నాం.

క్రామ్‌ఫర్డ్‌కి బస్సులో వెళ్లాం. మేం వెళ్లినప్పుడు ఇంగ్లాండ్‌లో చాలా బస్సుల్లో ఎంత దూరమైనా ఒకవైపుకి 3 పౌండ్లకి మించకుండా పరిమితి ఉండేది కాబట్టి ఈ లోయలో తిరగడానికి బస్సంత చవక ఇంకోటి లేదు. బస్సులో ఎవరూ మాట్లాడుకోలేదు. అత్తయ్యగారి మొహం చూస్తే తిరిగి లెస్టర్ వెళ్లిపోదామా అనిపించింది.

క్రామ్‌ఫర్డ్ మిల్లు బయటి నుంచి కోటలా ఉంటుంది. రోడ్డు వైపు కింది అంతస్తుకి కిటికీల్లేవు. ఊరికే అలా కట్టలేదు. 1779లో లాంకషైర్‌లో బిర్కెకర్ దగ్గర, ఈ మిల్లు కట్టిన రిచర్డ్ ఆర్క్‌రైట్‌కే చెందిన ఇంకో మిల్లుని, యంత్రాలు తమ పొట్ట కొడుతున్నాయని తిరగబడిన జనం ధ్వంసం చేశారు. ఆ భయంతో ఇక్కడ ఆయుధాలు సిద్ధంగా ఉంచుకున్నారు. ఆవరణలో తిరగడానికి డబ్బు తీసుకోరు, గైడ్‌తో టూర్‌కి మాత్రం టికెట్టు ఉంది. ఆ టికెట్టు తప్పకుండా కొనండి. గైడ్ లేకుండా చూస్తే అవి ఖాళీ రాతి గోడలే.

మాకు గైడ్‌గా వచ్చింది డెబ్బై దాటినట్టున్న ఒక వాలంటీర్. ముందుగా అత్తయ్యగారి నడక చూసి, ఎవరూ అడక్కుండానే, మెట్లు లేని దారి ఉందనీ, మధ్యలో కూర్చోవడానికి బెంచీలున్నాయనీ చెప్పింది. రాత్రంతా జరిగినదాని తర్వాత ఆ ఒక్క మాటకే మా ఆవిడ కళ్లు చెమర్చాయి.

ఆర్క్‌రైట్ కథ ఆవిడ చెప్పిన తీరు బాగుంది. ప్రెస్టన్‌లో 1732లో పుట్టాడు, పని మంగలి పని, విగ్గులు చేయడం. 1769లో నూలు వడికే యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. డార్బీ మేజోళ్ల వ్యాపారి జెడెడయా స్ట్రట్, నాటింగ్‌హామ్ మేజోళ్ల వ్యాపారి శామ్యూల్ నీడ్ పెట్టుబడి పెట్టారు. 1771లో ఇక్కడ మిల్లు మొదలైంది. ఇంత మారుమూల ఎందుకంటే నీటి కోసం. బాన్సాల్ వాగుతో పాటు, సీసం గనుల్లో ఊరే నీళ్లని బయటికి పంపడానికి తవ్విన సొరంగం నీళ్లు కూడా ఇక్కడికే వచ్చేవి. భూమి లోపలి నుంచి వస్తాయి కాబట్టి అవి కాస్త గోరువెచ్చగా ఉండేవి, చలికాలంలో కూడా గడ్డ కట్టేవి కావు, చక్రం ఆగేది కాదు. ఆ చక్రం రాత్రీ పగలూ తిరిగింది, దాంతో పాటు మనుషులూ రెండు షిఫ్టుల్లో తిరిగారు, అందులో పిల్లలే ఎక్కువ. ఏడేళ్ల పిల్లలు కూడా పనిచేశారని గైడ్ చెప్పగానే మా పాప అమ్మ చేయి పట్టుకుంది. ఇక్కడికొచ్చిన పత్తి మొదట్లో ఎక్కువగా కరీబియన్ దీవుల నుంచి, తర్వాత అమెరికా నుంచి, అంటే బానిసల చేత పండించిన పత్తి. ఆవిడ దాన్ని దాటవేయకుండా చెప్పింది, అది నాకు నచ్చింది.

తర్వాత ఒక గదిలో అందరి చేతికీ కాస్త దూది ఇచ్చి, లాగి చూడండి, దారం వస్తుందేమో అంది. మాతో వచ్చినవాళ్లందరి చేతుల్లో దూది తెగిపోయి ముక్కలైంది. అత్తయ్యగారి అమ్మ పొందూరులో ఒంటి కదురు రాట్నం మీద వడికేవారు. అత్తయ్యగారు కూడా పెళ్లి దాకా ఆవిడ పక్కన కూర్చుని వడికారు. ఆవిడ దూదిని ముందు పోగులన్నీ ఒకే వైపుకి వచ్చేలా వేళ్లతో దువ్వి, సన్నని ఏకులా చుట్టారు. ఎడమచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య దాన్ని పట్టుకుని, కుడిచేత్తో కొస పురి తిప్పుతూ, ఎడమచెయ్యి నెమ్మదిగా వెనక్కి జరిపారు. జానెడు దారం వచ్చింది, సన్నగా, ఎక్కడా ముద్ద కట్టకుండా. అంతలో తెగింది. ముడి వేయలేదు. తెగిన కొసని దూది మీద ఆనించి, రెండు పోగులు కలిపి పురి తిప్పారు, అతుకు ఎక్కడుందో నాకు కనపడలేదు.

గైడ్ మాట్లాడటం ఆపేసింది. మళ్లీ ఒకసారి చేసి చూపిస్తారా అని అడిగి, పక్క గదిలోంచి ఇంకో వాలంటీర్‌ని పిలిచింది. అప్పుడు ఆర్క్‌రైట్ యంత్రం ఎలా పనిచేసిందో అత్తయ్యగారి చేతుల మీదే అందరికీ వివరించింది. జతలు జతలుగా రోలర్లు ఉంటాయి, మొదటి జత మెల్లగా, తర్వాతి జతలు ఒకదాన్ని మించి ఒకటి వేగంగా తిరుగుతాయి, ఆ తేడా వల్ల దూది సాగి సన్నబడుతుంది, ఆ తర్వాత కదురు పురి పెడుతుంది. మా ఆవిడ తెలుగులో చెప్తే అత్తయ్యగారు ఒక్క క్షణం ఆలోచించి, "అంటే నా బొటనవేలు చేసే పని ఆ రోలర్లు చేసేస్తాయన్నమాట" అన్నారు. అదే గైడ్‌కి చెప్తే, తను ఇన్నేళ్లుగా చెప్తున్నదాన్ని ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదంది. పొందూరులో దూది దువ్వడానికి వాలుగ చేప దవడ వాడతారని మా ఆవిడ చెప్తే నమ్మలేనట్టు చూసి, స్పెల్లింగ్ అడిగి మరీ పుస్తకంలో రాసుకుంది.

ఆ యంత్రం సాధించినదేమిటో అక్కడే నాకు సరిగా అర్థమైంది. అప్పటిదాకా ఇంగ్లాండ్‌లో వడికిన నూలు పడుగుకి, అంటే మగ్గం మీద నిలువుగా బిగించి కట్టే దారాలకి, ఆగేది కాదు, తెగిపోయేది. అందుకని పడుగుకి నార దారం వేసి, అడ్డంగా నేసే పేకకి మాత్రమే నూలు వాడేవాళ్లు. ఆర్క్‌రైట్ నూలు పడుగుకి ఆగింది. మన దగ్గర అచ్చమైన నూలు బట్ట ఎన్నో వందల ఏళ్లుగా నేస్తున్నదే కదా. మచిలీపట్నంలో ఇంగ్లీషు కంపెనీ 1611లోనే స్థావరం పెట్టింది ఆ బట్ట కోసమే. కోరమాండల్ తీరం నుంచి వచ్చిన అద్దకం బట్టలకి ఇక్కడ ఎంత గిరాకీ అంటే, ఉన్ని, పట్టు నేసేవాళ్లు గోల పెట్టగా, డార్బీ సిల్క్ మిల్లు కట్టిన 1721లోనే పార్లమెంటు చాలా రకాల నూలు బట్టలు కట్టుకోవడాన్నే నిషేధించింది. 1774లో ఆర్క్‌రైట్ పట్టుబట్టి ఇంగ్లాండ్‌లో తయారైన నూలు బట్టకి ఆ నిషేధం నుంచి మినహాయింపు తెప్పించుకున్నాడు. గుర్తుగా ఆ బట్ట అంచులో మూడు నీలి పోగులు ఉండాలని నియమం. ఆ తర్వాతి శతాబ్దంలో మిల్లు నూలు మన ఊళ్లకే వచ్చిపడి, ఎంతోమంది ఆడవాళ్ల రాట్నాలు మూలపడ్డాయి. అలాంటి మిల్లులకి మొదటిదైన చోట నిలబడి పొందూరు ఆవిడ చేత్తో నూలు తీసి చూపించడం నాకు చాలా గర్వంగా అనిపించింది.

మిల్లు ఇప్పుడిలా నిలబడి ఉందంటే అదీ చిన్న పని కాదు. 20వ శతాబ్దంలో ఇక్కడ రంగుల ఫ్యాక్టరీ నడిచింది, సీసం కలిసిన రంగులు గోడలకీ నేలకీ పట్టేశాయి. 1979లో ఆర్క్‌రైట్ సొసైటీ దీన్ని కొని, ఏళ్ల తరబడి శుభ్రం చేసింది. మీరు పెట్టే టికెట్టు డబ్బు అక్కడికే పోతుంది.

బయటికొచ్చాక ఊళ్లోకి నడిచి నార్త్ స్ట్రీట్ చూడండి. 1776 ప్రాంతంలో కార్మికుల కోసం కట్టిన మూడంతస్తుల రాతి ఇళ్లు. పై అంతస్తులో వరసగా పొడవాటి కిటికీలు, మగ్గం మీదకి వెలుతురు పడాలని. భర్త పైన నేసేవాడు, భార్యాపిల్లలు మిల్లులో వడికేవాళ్లు. ఇప్పటికీ వాటిలో మనుషులున్నారు, కిటికీల్లోకి తొంగి చూడకండి. చెరువు పక్కన స్కార్తిన్ బుక్స్ అనే పాత పుస్తకాల దుకాణం, అందులో శాకాహార కేఫ్ ఉంది. అత్తయ్యగారు పప్పు సూప్, రొట్టె కడుపునిండా తిన్నారు, పొద్దుటి నుంచి ఆవిడ తిన్న మొదటి ముద్ద అది. అందరికీ కలిపి 31 పౌండ్లు. ఇరుకుగా ఉంటుంది, టేబుల్ దొరకడం కష్టం, పన్నెండు లోపే వెళ్లండి.

పెద్దవాళ్లతో వెళ్తే క్రామ్‌ఫర్డ్ కాలువ గట్టు మీద నడక తప్పకుండా పెట్టుకోండి. 1794లో పూర్తయిన కాలువ, గట్టు దారి పూర్తిగా చదును, హై పీక్ జంక్షన్ దాకా రెండు కిలోమీటర్లు. అత్తయ్యగారు కర్ర కూడా లేకుండా నడిచారు. ఇంకాస్త ముందుకి పోతే లీవుడ్ పంప్ హౌస్ ఉంది. డెర్వెంట్ నీళ్లని కాలువలోకి ఎత్తిపోయడానికి 1849లో కట్టింది, కొన్ని వారాంతాల్లో ఆవిరి ఇంజన్ నడిపి చూపిస్తారు. తేదీ చూసుకుని వెళ్లండి.

కేబుల్ కార్ గురించి అడుగుతారు కాబట్టి చెప్తున్నా. మా ఆవిడా పాపా ఎక్కారు, ఇద్దరికీ దగ్గర దగ్గర 40 పౌండ్లు. పైన గుహలున్నాయి, ఆట స్థలం ఉంది, పాపకి నచ్చింది. పిల్లలుంటే వెళ్లండి, పెద్దలు మాత్రమే అయితే ఆ డబ్బుతో క్రామ్‌ఫర్డ్ టూర్ చేసి, హాయిగా భోజనం కూడా చేయొచ్చు.

బెల్పర్‌లో మేం దిగిన గది 96 పౌండ్లు, గ్రౌండ్ ఫ్లోర్, టిఫిన్‌తో కలిపి. చెప్పుకోవడానికి ఒక్క ఫిర్యాదూ లేదు. అక్కడ స్ట్రట్ కుటుంబం కట్టిన నార్త్ మిల్లుని బయటి నుంచే చూశాం. పాత మిల్లు 1803లో కాలిపోతే, చెక్క బదులు ఇనుప స్తంభాలూ ఇటుక కమానులూ వాడి, నిప్పంటుకోకుండా 1804లో మళ్లీ కట్టారు. రోడ్డు మీదుగా పోయే వంతెన గోడలో తుపాకులు పెట్టుకునే రంధ్రాలు ఇప్పటికీ ఉన్నాయి, పాప వాటిని లెక్కపెట్టింది. 1797 నాటి గుర్రపునాడా ఆకారపు ఆనకట్ట మీంచి నీళ్లు దూకుతుంటే రివర్ గార్డెన్స్ బెంచీ మీద చాలాసేపు కూర్చున్నాం. అమెరికాలో నూలు మిల్లులు మొదలుపెట్టిన శామ్యూల్ స్లేటర్ ఈ ఊళ్లో పుట్టినవాడే. స్ట్రట్ దగ్గర పని నేర్చుకుని, 1789లో యంత్రం వివరాలన్నీ తలలో పెట్టుకుని ఓడెక్కేశాడు. ఇక్కడివాళ్లు అతన్ని ద్రోహి అని పిలిచారు.

గెస్ట్ హౌస్ మీద బుకింగ్ సైట్‌కి ఫిర్యాదు చేశాను, వాళ్లు "తప్పకుండా" అన్న మెసేజ్ కూడా జతచేశాను. మొదట ఏమీ ఇవ్వమన్నారు. రెండు వారాలు వెంటపడితే పాప పరుపు 25 పౌండ్లూ, అత్తయ్యగారి టిఫిన్ 12 పౌండ్లూ వెనక్కి వచ్చాయి. ఆ రాత్రి 142తో పాటు, వదిలేసిన రెండో రాత్రిది కూడా పోయింది. కాబట్టి ఈ లోయకి వెళ్లేవాళ్లు బస డార్బీలోనో బెల్పర్‌లోనో పెట్టుకుని పగలు రైల్లో తిరగండి. ఎక్కడ బుక్ చేసినా, పెద్దవాళ్లుంటే ఏ అంతస్తో గది నంబరుతో సహా రాతపూర్వకంగా తీసుకోండి, ఉత్త "తప్పకుండా" చాలదు.